బట్ట కోసం వచ్చిన ఊరికి పెట్రోలు కోసం వస్తున్నారు



మన సమాఖ్య వార్షికోత్సవ సంచికకి చరిత్ర మీద ఏదైనా రాయమని కుర్రాళ్ళు అడిగారు. ఈసారి సంచిక కాగితం మీద కాదంట, ఫోన్లోనే చదువుకోవాలంట. నేను చదివింది ఎనిమిదో తరగతి. సంఘం జమాఖర్చులు, మినిట్స్ పుస్తకం తప్ప వేరే రాసిన అలవాటు లేదు. తప్పులుంటే పెద్దమనసుతో సర్దుకోండి.

ఏం రాద్దామా అని ఆలోచిస్తూ ఒకరోజు పొద్దున్న మా యానాం మెయిన్ రోడ్డు మీద నిలబడ్డాను. పెట్రోలు బంకు దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి. అన్నీ ఆంధ్రా నంబరు బళ్ళే. కాకినాడ వైపు నుంచి, కోనసీమ వైపు నుంచి ట్యాంకు నింపించుకోడానికి వస్తారు. పుదుచ్చేరి ప్రభుత్వం పన్ను తక్కువ కాబట్టి ఇక్కడ పెట్రోలు, డీజిలు చవక. ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని బంకులేంటా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు.

నాకు మాత్రం వేరే సంగతి గుర్తొచ్చింది. ఇదే ఊరికి, ఇలాగే, పక్క ఊళ్ళ జనం ఒకప్పుడు బట్ట కోసం వచ్చేవారు. బట్ట పోయి పెట్రోలు ఎలా వచ్చిందో, మధ్యలో మన మగ్గానికి ఏమైందో, అదే రాద్దామనిపించింది. ఇది గ్యాసు కథ, బొగ్గు కథ అనుకోకండి. మన కథే.

సూర్యుడు, ఏరు, మన చేయి

ఫ్రెంచివాళ్ళు యానాంలో కొట్టు పెట్టింది 1723లో. నాలుగేళ్ళకి మూసేసి, మళ్ళీ 1731లో తెరిచారు. వాళ్ళొచ్చింది బంగారం కోసం కాదు, బట్ట కోసం. గౌతమి, కోరింగ పాయలు విడిపోయే చోట ఊరు, ఓడలకి వీలు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళకీ బట్టల కొట్టు ఉండేది. కాకినాడ జగన్నాథపురంలో, పాలకొల్లులో డచ్చివాళ్ళు. నర్సాపురం దగ్గర మాధవాయిపాలెం బట్ట ఎంత పేరు తెచ్చుకుందంటే, ‘మడపొల్లం’ అని ఒక రకం బట్టకి ఐరోపాలో మన ఊరి పేరే నిలిచిపోయింది. అంటే ముప్పై నలభై కోసుల్లో ముగ్గురు దొరలు మన నేతగాళ్ళ గుమ్మం ముందు పోటీ పడ్డారన్నమాట.

ఆ బట్ట తయారవడానికి ఏమేం కావాలో ఒకసారి లెక్క వేసుకుందాం. పత్తి పొలంలో పండేది. ఆడవాళ్ళు రాట్నం మీద వడికేవారు. గంజి ఇంట్లో కాచిందే. ఎరుపుకి చిరివేరు, నీలానికి నీలిమందు ఆకు, రంగు నిలబడ్డానికి పటిక, కరక్కాయ. చలువ చెయ్యడానికి ఏటి నీళ్ళు, ఎండ. ఓడ నడవడానికి గాలి. రంగు పొయ్యిలోకి కట్టెలు. ఇందులో భూమిని లోతుగా తవ్వి తీసింది దాదాపు ఏమీ లేదు. ఆ సంవత్సరం ఎండకి, వానకి పండింది ఆ సంవత్సరమే బట్ట అయింది. మళ్ళీ సంవత్సరం మళ్ళీ పండేది.

ఆ రోజులు స్వర్గం అని నేననను. కంపెనీ గుమాస్తాలు బయానా ఇచ్చి నేతగాడిని కట్టిపడేసేవారు. కరువొస్తే ముందు చచ్చేది మనమే. తుఫాన్లు కోరింగ రేవునే తుడిచిపెట్టాయి. 1839 తుఫాను తర్వాత ఆ రేవు మళ్ళీ పూర్వంలా లేవలేదు. అయినా ఒక్కటి నిజం. మన పనికి కావలసిన సరుకు మన చుట్టూనే ఉండేది.

మొదటి దెబ్బ బొగ్గుది

మాంచెస్టరు బట్ట మనల్ని దెబ్బ తీసిందని మనందరం చెప్పుకుంటాం. మాంచెస్టరు వెనకాల ఉన్నది బొగ్గు అని మాత్రం చెప్పుకోం.

1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడు లాగితే నాడె పరిగెత్తే ఏర్పాటు కనిపెట్టాడు. అది మన మగ్గాల మీదా ఉంది, దానివల్ల మనకేం నష్టం రాలేదు. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం కనిపెట్టాడు. ఆ తర్వాత దానికి ఆవిరి యంత్రం తగిలించారు, ఆ యంత్రం కింద బొగ్గు మండించారు. అక్కడ తిరిగింది కథ. మన మగ్గానికి మనిషి కాళ్ళు, చేతులు. అవి అలిసిపోతాయి, ఆకలేస్తాయి. కోట్ల ఏళ్ళ కింద భూమిలో కప్పడిపోయిన అడవే బొగ్గు. దానికి ఆకలి లేదు, నిద్ర లేదు. అంటే ఒక నేతగాడి ఈనాటి రెక్కల కష్టానికీ, కోట్ల ఏళ్ళ ఎండకీ పోటీ పెట్టారు. ఎవరు గెలుస్తారు?

1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయి మిల్లు బట్ట మన రేవుల్లోకి దిగడం మొదలైంది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. ఇంజరం లాంటి కొట్లకి పని లేకుండా పోయింది. మగ్గం మానుకున్నవాళ్ళు కూలికి పోయారు. కొందరు కోరింగ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి బర్మా పోయారు. తర్వాత తర్వాత ఆ ఓడలు కూడా బొగ్గు ఓడలే.

రెండో దెబ్బ రంగుది

1856లో లండన్లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మలేరియా మందు తయారు చేద్దామని బొగ్గు తారుతో ఏవో కలిపాడు. మందు రాలేదు, ఊదారంగు వచ్చింది. ఆ తారు ఏంటంటే, వీధి దీపాలకి బొగ్గు నుంచి గ్యాసు తీయగా మిగిలిన మడ్డి. పారబోసే దాన్నుంచి రంగు! 1869 నాటికి చిరివేరు ఎరుపుకి సరిజోడు బొగ్గు తారు నుంచి తీశారు. 1897లో జర్మనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ఫ్యాక్టరీ నీలిమందు బజారులోకి తెచ్చింది. ఇరవై ఏళ్ళు తిరక్కముందే మన దేశంలో నీలి సాగు చాలా భాగం పోయింది.

ఈ దెబ్బ మొదటిదానిలా చప్పుడు చేసింది కాదు. ఎందుకంటే దీన్ని మనమే ఇష్టపడి ఇంట్లోకి తెచ్చుకున్నాం. చిరివేరుతో ఎరుపు రావాలంటే రోజులు పట్టేది. డబ్బా రంగుతో గంటల్లో పని. చవక. కొనేవాళ్ళకి కావలసిన రంగు కావలసిన రోజున ఇవ్వచ్చు. మా తాత కాలానికే మా ఇంట్లో డబ్బా రంగులు వచ్చేశాయి. చిరివేరు అద్దకం ఎలా చేసేవారని నేను చిన్నప్పుడు అడిగితే, ‘మా తాతకి తెలుసురా’ అన్నాడు మా తాత. అంతే, ఆ విద్య అక్కడితో ఆగిపోయింది.

యానాం బజారు, కిరసనాయిలు బుడ్డి

ఫ్రెంచి పాలన ఉన్నంతకాలం యానాం మంగళవారం సంతకి పేరు. సుంకం లేని విదేశీ సరుకు కోసం బ్రిటిష్ ఇండియా జనం వచ్చేవారు. 1929లో శారదా చట్టం వచ్చి అక్కడ బాల్యవివాహాలు నిషేధించాక, చట్టం వర్తించని యానాంకి పెళ్ళిళ్ళు చేసుకోడానికి వచ్చేవారు. అందుకే దీన్ని ‘కల్యాణపురం’ అనేవారు. అది మంచి పేరేం కాదు, చిన్నపిల్లల పెళ్ళిళ్ళ వల్ల వచ్చిన పేరు. కానీ పెళ్ళంటే బట్టలు. మా పెద్దాళ్ళు ఆ గిరాకీ గురించి చెప్పుకునేవారు. 1954 జూన్ 13న యానాం విమోచన జరిగింది. 1962 ఆగస్టు 16న కాగితాల మీద కూడా భారతదేశంలో కలిసింది.

నేను పుట్టింది ఆ రోజుల్లోనే. నాకు ఊహ తెలిసేసరికి మా ఇంట్లో కరెంటు లేదు. సాయంత్రం అయ్యాక నాన్న కిరసనాయిలు లాంతరు మగ్గం పక్కన వేలాడదీసి నేసేవాడు. అమ్మ బుడ్డి దీపం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆ పొగ మసి తెల్ల పంచె మీద పడితే షావుకారు కూలి కోసేవాడు. అందుకని నాన్న లాంతరు దూరంగా పెట్టేవాడు. వెలుతురు చాలక పోగు తెగితే కనబడేది కాదు. పొద్దున్న ఆ పొగ వాసన మా అందరి ఊపిరిలో ఉండేది. అమ్మ వంట కూడా కట్టెల పొయ్యి మీదే. చివరి రోజుల్లో అమ్మకి చూపు సరిగా ఆనలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, గ్యాసు, కరెంటు చెడ్డవి, పాతరోజులు మంచివి అని రాస్తే అది అబద్ధం అవుతుంది. మా కోడలు గ్యాసు పొయ్యి మీద వండుతుంది, ఆమె కళ్ళు మంటెక్కవు. మా అమ్మకి ఆ భాగ్యం లేదు. లెక్క రాసేటప్పుడు జమ కూడా రాయాలి, ఖర్చు ఒక్కటే రాయకూడదు.

మూడో దెబ్బ మన మగ్గం మీదికే వచ్చింది

1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అని ఇద్దరు పాలియెస్టరు పోగు తీశారు. అంతకు ఆరేళ్ళ ముందు అమెరికాలో నైలాన్ వచ్చింది. పాలియెస్టరు అంటే ముడిచమురే. చమురు శుద్ధి చేస్తే నాఫ్తా వస్తుంది, దాన్నుంచి రసాయనాలు తీసి, కరిగించి, జల్లెడ లాంటి సన్న బెజ్జాల్లోంచి సేమియాలా లాగితే పోగు అవుతుంది. పత్తి అక్కర్లేదు, వాన అక్కర్లేదు. మన ఊళ్ళలోకి 1970లలో టెరిలిన్ చొక్కాగా వచ్చింది. ఇస్త్రీ అక్కర్లేదు, చిరగదు. మా పెళ్ళికి నేను కూడా టెరికాటన్ చొక్కానే కుట్టించుకున్నాను. నేతగాడి కొడుకుని! నాన్న ఏమీ అనలేదు గానీ, చొక్కా గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి వదిలేశాడు.

ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే పోగులో సగానికి పైగా పాలియెస్టరే. మరమగ్గం మీద పాలియెస్టరుతో మన జాందానీ బుటా, మన అంచు దింపేసి మన చీర ధరలో పదో వంతుకి అమ్ముతున్నారు. 1985లో పార్లమెంటు చేనేతకి కొన్ని రకాలు రిజర్వు చేస్తూ చట్టం చేసింది. మొదట 22 రకాలు. కోర్టుల్లో కేసులు నడిచి, 1996లో వాటిని 11కి తగ్గించారు. ఆ పదకొండుకైనా కాపలా సరిగా లేదు. నేను సంఘంలో చేరిన కొత్తలో మా వీధిలో ఏ ఇంట చూసినా మగ్గం చప్పుడే. ఇప్పుడు ఆడే మగ్గాల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పైగా పాలియెస్టరు ఉతికినప్పుడల్లా కంటికి కనబడని నూగు రాలి నీళ్ళల్లో కలుస్తుంది. ఏట్లోకి, సముద్రంలోకి, చేప కడుపులోకి పోతుంది. పత్తి నూగు కుళ్ళి మట్టి అవుతుంది. ఇది కుళ్ళదు.

గోదావరికి పైన బొగ్గు, కింద గ్యాసు

ఇంకో విచిత్రం చూడండి. మనల్ని దెబ్బ తీసిన ఈ సరుకంతా మన గోదారి తల్లి ఒడ్డునే ఉంది. పైన ఇల్లెందు దగ్గర 1871లో కింగ్ అనే దొర బొగ్గు కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. ఆ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకి పైబడింది. కింద, మన డెల్టాలో గ్యాసు. 1956లో ఏర్పడిన ఓ.ఎన్.జి.సి. 1970ల చివర్లో నర్సాపురం దగ్గర బావి తవ్వింది. తర్వాత రాజోలు, పాశర్లపూడి, తాటిపాక. 1987లో సముద్రంలో రవ్వ క్షేత్రం దొరికింది. దాని ప్లాంటు సూరసాని యానాంలో ఉంది. అది కోనసీమ ఊరు, మన యానాం కాదు, చాలామంది పొరబడతారు. 2002లో సముద్రం లోతుల్లో కె.జి. డి-6 గ్యాసు దొరికిందని రిలయన్స్ ప్రకటించింది. 2009 ఏప్రిల్లో ఆ గ్యాసు మనకి దగ్గర్లోని గాడిమొగ దగ్గర ఒడ్డుకి చేరింది. అక్కణ్ణుంచి గొట్టాల్లో గుజరాత్ దాకా పోయింది.

అప్పుడు మా ఊళ్ళో ఎంత ఆశ! ఇంటికో ఉద్యోగం అనుకున్నారు. మా కుర్రాళ్ళు మగ్గం దిగి వెల్డింగు, పైపులైను, సెక్యూరిటీ పనుల్లోకి పోయారు. వాళ్ళ తప్పేం లేదు, మగ్గం మీద రానంత కూలి వచ్చింది. కానీ గ్యాసు అనుకున్నంత రాలేదు. ఒకటి రెండేళ్ళకే తగ్గుముఖం పట్టింది. ఆ మొదటి బావులు 2020లో ఆగిపోయాయి. తర్వాత పక్కన కొత్త బావులు తెరిచారు, అవీ ఏదో ఒకనాటికి అయిపోయేవే. గొట్టం వేసే పని అయిపోయాక మా కుర్రాళ్ళలో చాలామంది ఖాళీ. అప్పటికి ఇంట్లో మగ్గం విప్పేశారు, గుంట పూడ్చేశారు. పత్తి ఏటా పండుతుంది. గ్యాసు ఒకసారి తీస్తే అంతే.

ప్రమాదాలు కూడా మరిచిపోకూడదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి మంట లేచింది. ఆరిపేందుకు 65 రోజులు పట్టింది, మార్చి 15న గానీ ఆరలేదు. ఊళ్ళు ఖాళీ చేయించారు, కొబ్బరితోటలు మాడిపోయాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పగిలి గ్యాసు ఊరంతా కమ్మి అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు, పొద్దున్నే టీ కొట్టు దగ్గరికి వచ్చినవాళ్ళు. గ్యాసు వెలుగు ఎక్కడో, బూడిద ఇక్కడ.

సముద్రం నేతగాడి ఇంటికి వచ్చింది

బొగ్గు, చమురు, గ్యాసు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వస్తుందని ఎనిమిదో తరగతిలో మాకూ చెప్పారు. మాంచెస్టరు మిల్లులు రాకముందు గాల్లో అది పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళు ఉండేదంట. ఇప్పుడు 420 దాటింది. అది దుప్పటిలా భూమిని కప్పి వేడి పోనివ్వదు. సముద్రం వేడెక్కి ఉబ్బుతుంది, మంచు కరిగి నీరు చేరుతుంది.

దీని ఫలితం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఉప్పాడ వెళ్ళండి. జాందానీకి పేరున్న మన నేతగాళ్ళ ఊరు. అక్కడ సముద్రం ఏటికేడు వీధులకి వీధులు మింగుతోంది. ఇళ్ళు పోయాయి, గుళ్ళు పోయాయి, ఇళ్ళతోపాటు మగ్గం గుంటలూ పోయాయి. ఒక్క వాతావరణమే కారణం అని నేననను. రేవు కట్టడాలు, అలల తీరు, పైన ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోవడం, అన్నీ ఉన్నాయి. పెరిగే సముద్రం దానికి తోడైంది. సముద్రాన్ని ఆపడానికి ఇసక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాలు వేశారు, జియోట్యూబులంటారు. ఆ గుడ్డ దేనితో నేసిందనుకున్నారు? పెట్రోలియం పోగుతోనే. అవి కూడా అలలకి చిరిగిపోయాయి.

మా యానాం సంగతి కొంత నయం, పక్కన కోరింగ మడ అడవులున్నాయి. 1996 నవంబరు 6 తుఫాను మాకు బాగా గుర్తు. జిల్లాలో వెయ్యి మందికి పైగా పోయారు. మడ అడవి చాటున ఉన్న ఊళ్ళు కొంత తట్టుకున్నాయని అందరూ చెప్పుకున్నారు. కానీ వరద వస్తే మాకు దిక్కు లేదు. 1986లోనూ, మళ్ళీ 2022 జులైలోనూ గోదారి ఊళ్ళోకి వచ్చింది. మనది గుంట మగ్గం. ఊళ్ళో అందరి ఇళ్ళల్లోకీ నీరు గుమ్మం దాటాక వస్తుంది, మనకి నేల కిందనుంచే ఊరుతుంది. 2022లో మా ఇంట్లో గుంటలో నీళ్ళు దిగడానికి రోజులు పట్టింది. పడుగు మొత్తం పాడైంది.

మన తప్పు కూడా రాయాలి

ఇప్పటిదాకా దొరల తప్పు, కంపెనీల తప్పు రాశాను. ఇప్పుడు నా తప్పు రాస్తాను.

నేను కార్యదర్శి అయిన కొత్తలో మా సంఘం అద్దకం షెడ్డు ఒకటి నడిపాం. నాఫ్తాల్ రంగులు, కాస్టిక్ సోడా, హైడ్రోస్. మిగిలిన నీళ్ళు ఎటు పోతాయని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. వెనక కాలవలోకి వదిలేశాం. కొన్నాళ్ళకి షెడ్డు వెనక ఒక ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ‘బాబూ, మా నూతిలో నీళ్ళు. మీ సంఘం చీర రంగు వచ్చింది’ అంది. లేత గులాబీ రంగు. తిట్టలేదు, కేక వెయ్యలేదు. చెంబు అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గుంటలు తవ్వించి, ఇసక, బొగ్గు పోసి వడకట్టే ఏర్పాటు చేశాం. ఆ నుయ్యి మాత్రం మళ్ళీ తాగడానికి పనికిరాలేదు.

ఆ రంగులు కూడా ఒకప్పుడు బొగ్గు తారు, ఇప్పుడు పెట్రోలియం. వాటిలో కొన్ని అజో రంగులు క్యాన్సరు తెస్తాయని 1990లలో జర్మనీ నిషేధించింది, తర్వాత మన ప్రభుత్వమూ నిషేధించింది. కాబట్టి ‘చేనేత అంటే స్వచ్ఛం’ అని బోర్డు రాసేముందు మన షెడ్డు వెనక కాలవ చూసుకోవాలి. మన నూలు కూడా మిల్లులో కరెంటుతో వడికిందే. కానీ నేసే పనికి మాత్రం ఇప్పటికీ ఒక్క యూనిట్టు కరెంటు, ఒక్క చుక్క డీజిలు అక్కర్లేదు. బట్టల వ్యాపారంలో ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేది మనం తప్ప ఎవరున్నారు?

చివరగా నాలుగు మాటలు

ప్రపంచం మొత్తం ఇప్పుడు బొగ్గు, చమురు తగ్గించాలంటోంది. పర్యావరణానికి హాని చెయ్యని బట్ట కోసం పెద్ద పెద్ద దేశాలు వెతుకుతున్నాయి. రెండువందల ఏళ్ళ కింద బొగ్గు మనల్ని ఓడించింది. ఇప్పుడు తిరిగి మన వంతు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మాత్రం చేతులు సిద్ధంగా ఉండాలి.

అందుకని సమాఖ్యకి, సంఘాలకి నా మనవి. అద్దకం షెడ్డు ఉన్న ప్రతి సంఘం ముందు మురుగు నీటి ఏర్పాటు చూసుకోండి. చిరివేరు, నీలి, కరక్కాయ అద్దకం తెలిసిన పెద్దలు ఎక్కడ ఉన్నా, వాళ్ళు ఉండగానే కొలతలతో సహా రాసి పెట్టించండి. మా తాత దగ్గర నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మగ్గం ఉన్న ఇళ్ళకి సోలారు దీపాలు, వరద ఊళ్ళలో గుంట మగ్గానికి బదులు ఎత్తుగా పెట్టే ఫ్రేము మగ్గాలు అడగండి. పాలియెస్టరుని చేనేత అని అమ్మేవాళ్ళని చూసి ఊరుకోకండి. మన ఇంటి పెళ్ళికి మన బట్ట కట్టుకోండి. ఇది నేను టెరికాటన్ చొక్కా వేసుకున్న సిగ్గుతోనే చెప్తున్నాను.

మొన్న మా మనవడు అడిగాడు, ‘తాతా, గ్యాసు అయిపోయాక ఏం చేస్తారు?’ అని. నాకు జవాబు తెలీలేదు. వాణ్ణి మగ్గం మీద కూర్చోబెట్టి నాడె చేతికిచ్చాను. నాలుగు పోగులు వేశాడు, రెండు తెంపాడు. పర్లేదు, అతికించడం నేర్పిస్తున్నాను.

చేనేత వర్ధిల్లాలి.

— ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి, యానాం